తొలి ఫ్లాట్‌బెడ్ ఉద్యోగం: కొత్త డ్రైవర్‌గా నేను తీసుకున్న శిక్షణపై సమీక్ష

అమెరికాలో పెద్ద ట్రైలర్ ట్రక్కులు నడపడానికి కావలసిన క్లాస్ ఎ లైసెన్సు చేతికి వచ్చిన రోజు నుంచి, ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ మీద నా లోడు నేనే కట్టుకుని ఒంటరిగా రోడ్డెక్కిన రోజు వరకు నాకు పదకొండు వారాలు పట్టింది. అందులో మొదటి మూడు వారాలు ఉద్యోగం వెతుక్కోవడంలో పోగా, మిగిలిన ఎనిమిది వారాలూ ఒకే సంస్థలో శిక్షణలో గడిచాయి. ఇప్పుడు ఆ సంస్థలో నాకిది తొమ్మిదో నెల. కొత్త డ్రైవర్లకు అక్కడ ఇచ్చే శిక్షణ, చేర్చుకునేటప్పుడు చెప్పిన మాటలు, చేరిన తర్వాత నడుచుకున్న తీరు, ఈ మూడింటినీ విడివిడిగా తూచి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నా ఫిర్యాదుల్లో కొన్ని ఫోన్‌లో విన్న మాటల మీద ఆధారపడినవి, వాటికి నా దగ్గర కాగితం లేదు. కాగితం లేని ఆరోపణను పేరు పెట్టి రాయడం న్యాయం కాదు. పైగా కొత్తవారిని చేర్చుకునే ఫ్లాట్‌బెడ్ సంస్థలన్నింటిలోనూ పద్ధతి కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది కనుక, మీరు వెళ్లబోయే చోటును కొలుచుకోవడానికి ఈ అనుభవం పనికొస్తుందని నమ్ముతున్నాను.

ఇది రాయడానికి తక్షణ కారణం ఒక ఫోన్ కాల్. డాలస్ శివార్లలో ఉండే ఒక కుర్రవాడు, లైసెన్సు అప్పుడే తెచ్చుకున్నవాడు, "అన్నా, ఫ్లాట్‌బెడ్‌లో ఏ కంపెనీ మైలుకు ఎక్కువ సెంట్లు ఇస్తుంది?" అని అడిగాడు. మొదటి ఏడాదిలో ఆ ప్రశ్న చివరికి ఉంచుకోమని, దానికంటే ముందు ట్రైనర్ (రోడ్డు మీద వెంట ఉండి నేర్పే పాత డ్రైవరు) బండి ఎక్కించేలోపు యార్డులో నీ చేత ఎన్ని రోజులు గొలుసు పట్టిస్తారో కనుక్కోమని చెప్పాను. అతనికి ఆ జవాబు నచ్చినట్టు లేదు. అందుకే అప్పుడు ఫోన్‌లో పొడిపొడిగా చెప్పిన మాటను ఇక్కడ వివరంగా చెబుతున్నాను.

నేను గుంటూరు ప్రాంతం వాడిని. మా నాన్న మిర్చి యార్డు నుంచి టిక్కీలు ఎత్తుకుపోయే లారీల మీద మొదట క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా పనిచేశారు. లోడు మీద బరకం కప్పి, తాడు అడ్డదిడ్డంగా లాగి, చివర ముడి మీద కాలు పెట్టి బిగించడం చిన్నప్పటి నుంచి కళ్లారా చూసినవాడిని. అమెరికాకు వచ్చాక ఆరేళ్లు ఒక గ్యాస్ స్టేషన్ దుకాణంలో రాత్రి షిఫ్టు చేశాను. గ్రీన్‌కార్డు వచ్చిన తర్వాతే లైసెన్సు మాట ఎత్తాను. హెచ్1బీ మీద ఉన్నవారికి ఈ పని కుదరదు కాబట్టి ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఇక్కడి రోడ్ల మీద భారతీయ డ్రైవర్లంటే ఎక్కువగా పంజాబీలే. హైవేల పక్కన వాళ్ల ధాబాల్లో రొట్టె, పప్పు దొరుకుతాయి గానీ తెలుగు మాట వినపడటం అరుదు. అందువల్ల నా తొలి ప్రశ్నలకు తెలుగులో జవాబు చెప్పేవారు నాకు దొరకలేదు.

ఫ్లాట్‌బెడ్ అంటే గోడలూ పైకప్పూ లేని బల్లపరుపు ట్రైలర్. పొడవు 48 అడుగులు, లేదంటే 53; వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు; నేల నుంచి బల్ల ఎత్తు సుమారు 5 అడుగులు. చాలా రాష్ట్రాల్లో మొత్తం ఎత్తు 13 అడుగుల 6 అంగుళాలు దాటకూడదు కనుక, సరుకుకు మిగిలేది ఎనిమిదిన్నర అడుగులే. ఉక్కు చుట్టలు, ఇనుప దూలాలు, కలప, జిప్సం బోర్డులు, ఇంటి పైకప్పు రేకులు, యంత్రాలు దీని మీద వెళతాయి. డబ్బా ట్రైలర్ డ్రైవరు తలుపులు వేసి సీలు చూసుకుని బయలుదేరతాడు. ఫ్లాట్‌బెడ్ డ్రైవరు సరుకు బల్ల మీద పడ్డాక గంటా రెండు గంటలు వంగి, లేచి, ఎక్కి, దిగి కట్టుకుంటేనే కదలగలడు. ఆ కట్టు ఊడితే వెనక వచ్చే కారులోని కుటుంబానికి ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మొదటి ఉద్యోగంలో శిక్షణ గురించి నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం అదే.

డ్రైవింగ్ స్కూలు ఈ లోటు తీరుస్తుందని అనుకోవద్దు. 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తవారు ప్రభుత్వ జాబితాలో నమోదైన శిక్షకుల దగ్గరే నేర్చుకోవాలన్న నియమం వచ్చింది. కానీ ఆ నియమం ఇన్ని గంటలు నేర్పి తీరాలని అడగదు, పాఠాలు పూర్తయి శిక్షకుడు సరేనంటే చాలు. నేను వెళ్లిన స్కూల్లో నాలుగు వారాలు బండి చుట్టూ తిరిగి తనిఖీ చేయడం, వెనక్కి పెట్టడం, రోడ్డు మీద నడపడం నేర్పారు. వాటి వరకు బాగానే నేర్పారు. ఫ్లాట్‌బెడ్ ట్రైలర్ మాత్రం వాళ్ల ఆవరణలో ఒక్కటీ లేదు. మరో సంగతి కూడా ముందే కనుక్కోండి: ఆటోమేటిక్ గేర్ల బండి మీద పరీక్ష ఇస్తే లైసెన్సు మీద ఇ అనే పరిమితి పడుతుంది, దానితో చేతి గేర్ల బండి నడపడానికి వీలుండదు. నాకు అదే పడింది. పెద్ద సంస్థల బళ్లు ఇప్పుడు ఎక్కువగా ఆటోమేటిక్‌వే కనుక ఇబ్బంది రాలేదు.

ఉద్యోగం వెతకడం మొదలుపెట్టగానే తెలిసివచ్చే తొలి నిజం, చిన్న సంస్థలు కొత్తవారిని తీసుకోలేవన్నది. బీమా సంస్థలు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి. యజమానికి మనమీద ఎంత నమ్మకమున్నా బీమా ఒప్పుకోకపోతే తాళం చెవి ఇవ్వలేడు. కనుక తొలి ఏడాది పెద్ద సంస్థే గతి. కొత్తవారిని తీసుకుని సొంతంగా ఫ్లాట్‌బెడ్ పని నేర్పుతాయని పేరున్నవాటిలో ఐయోవాలోని డి మోయిన్‌కు చెందిన టీఎంసీ, ఆర్కాన్సాలోని నార్త్ లిటిల్ రాక్‌కు చెందిన మావెరిక్, విస్కాన్సిన్‌కు చెందిన రోల్, మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కేంద్రంగా ఉన్న ప్రైమ్ ఉన్నాయి. నేను చేరింది వీటిలో ఏదీ కాదు. తొమ్మిది చోట్ల దరఖాస్తు పెట్టాను, నలుగురు తిరిగి ఫోన్ చేశారు, ఇద్దరు ఓరియంటేషన్‌కు, అంటే చేరేటప్పుడు జరిపే పరిచయ తరగతులకు, రమ్మన్నారు. గత పదేళ్లలో ఎక్కడ పనిచేశావు, మధ్యలో ఖాళీ ఎందుకు వచ్చింది అని నెలల లెక్కన అడిగారు. దుకాణం యజమాని చేత ఒక ఉత్తరం రాయించుకుని ఉంచుకోవడం నాకు కలిసివచ్చింది. మూత్ర పరీక్షతో పాటు నేను వెళ్లిన చోట వెంట్రుకల పరీక్ష కూడా చేశారు. ప్రభుత్వ మాదకద్రవ్యాల రిజిస్టరులో నా వివరాలు చూసుకోవడానికి నేను ఆన్‌లైన్‌లో అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఖాతా ముందే తెరిచి ఉంచుకుంటే రెండు రోజులు ఆదా అవుతాయి.

ఇంగ్లీషు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డ్రైవరు రోడ్డు బోర్డులు చదవగలగాలి, అధికారి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి అన్న నియమం ఎప్పటినుంచో ఉంది. 2025 జూన్ 25 నుంచి తనిఖీలో అందులో తప్పినవారిని అక్కడికక్కడే బండి దింపేస్తున్నారు. మనలో చాలామందికి చదవడం సమస్య కాదు. ఉక్కు కర్మాగారం గేటు దగ్గర, పక్కన ఇంజన్ మోగుతుండగా, రేడియోలో వచ్చే యాసను పట్టుకోవడమే కష్టం. నేను దానికి నెల రోజులు తీసుకున్నాను. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగాలి. ఊహించుకుని తల ఊపితే క్రేను కింద నిలబడకూడని చోట నిలబడతాం.

పిలిచిన ఇద్దరిలో ఒకరు మైలుకు ఎక్కువ ఇస్తామన్నారు. వారి దగ్గర లోడు కట్టడం నేర్పేది రెండున్నర రోజులు, ఆ తర్వాత నేరుగా ట్రైనర్ బండి. రెండో సంస్థ తక్కువ ఇస్తానంది గానీ, ఒక వారం ఓరియంటేషన్, రెండు వారాలు పూర్తిగా యార్డులో, ఆపైన ఐదు వారాలు ట్రైనర్‌తో అని చెప్పింది. యార్డులో నేర్చుకోవడానికి నిజమైన ఉక్కు కాయిల్ (ఉక్కు చుట్ట) ఉందా అని రిక్రూటర్‌ను, అంటే కొత్తవారిని చేర్చుకునే ఉద్యోగిని, అడిగితే, ఉంది, క్రేను కూడా ఉంది అన్నాడు. ఆ ఒక్క జవాబు మీద రెండో దాన్ని ఎంచుకున్నాను. వెళ్లి చూస్తే కాయిల్ నిజంగానే ఉంది, తుప్పు పట్టి, మీద సుద్దతో రాసిన పాత బ్యాచ్‌ల గుర్తులతో.

ఈ రెండు వారాల యార్డు శిక్షణే ఆ సంస్థలో అన్నింటికంటే విలువైనది. మాకు నేర్పినాయన అరవై దాటిన మాజీ డ్రైవరు, చేయి తిరిగిన మనిషి. మొదటి రోజు చట్టం గురించి ఒక్క మాట ఎత్తలేదు. నాలుగు అంగుళాల వెడల్పు స్ట్రాపును (సరుకు కట్టే నార పట్టీని) గుండ్రంగా చుట్టించి, సరుకు మీదుగా అవతలి పక్కకు విసిరించి, మళ్లీ చుట్టించి, మళ్లీ విసిరించాడు. విసిరేముందు అవతల మనిషి ఉన్నాడేమో చూసి గట్టిగా కేక వేయాలి, ఎందుకంటే స్ట్రాపు చివరనున్న ఇనుప కొక్కెం తలకు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. వించ్ (స్ట్రాపును చుట్టి బిగించే చక్రం) తిప్పే ఇనుప కడ్డీని ఎప్పుడూ ముఖానికి ఎదురుగా పెట్టుకోకూడదని, జారితే వెనక్కి తన్నే దారిలో ఒళ్లు లేకుండా పక్కకు నిలబడాలని, రెండు చేతులతో కిందికి నొక్కాలని నిలబడి చూపించాడు. స్ట్రాపుకు ఒక పక్క అర మెలిక వేస్తే గాలికి అది డోలు మోగినట్టు కొట్టుకోదని కూడా ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఇవేవీ పుస్తకం చదివితే ఒంటికి పట్టేవి కావు.

మూడో రోజు నుంచి లెక్కలు మొదలయ్యాయి. ఆయన చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ కళ్లముందుంది. 20 అడుగుల పొడవు, 40,000 పౌండ్ల బరువున్న ఉక్కు పలకల కట్ట ఉందనుకోండి. ముందు పొడవు లెక్క: మొదటి 10 అడుగులకు రెండు కట్లు, ఆపైన ప్రతి 10 అడుగులకూ, అందులో ఎంత భాగం ఉన్నా సరే, ఒక్కొక్కటి, కనుక మూడు. తర్వాత బరువు లెక్క: కట్లన్నింటి పనిభార సామర్థ్యం (ఒక్కో కట్టు సురక్షితంగా తట్టుకోగల బరువు) కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి, అంటే 20,000 పౌండ్లు. మేం వాడే ఒక్కో స్ట్రాపు సామర్థ్యం 5,400 పౌండ్లు. మూడు వేస్తే 16,200 మాత్రమే, నాలుగు వేస్తే 21,600. పొడవు మూడంటోంది, బరువు నాలుగంటోంది, రెండింట్లో పెద్దదే చెల్లుతుంది. ఈ లెక్క నోటికి వచ్చేదాకా మమ్మల్ని భోజనానికి వదల్లేదు. ఉన్నట్టుండి బ్రేకు పడితే బల్ల మీది సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు తోసుకొచ్చినా కట్టు నిలవాలని నియమం. అది ఎందుకు పెట్టారో క్యాబిన్ వెనక నిలబడి కాయిల్‌ను చూస్తే అర్థమవుతుంది.

కాయిల్ సంగతి వేరు. నేను యార్డులో కట్టింది 42,000 పౌండ్లది, అంటే మన లెక్కలో 19 టన్నులు, ఒకే ఒక్క చుట్ట. దాని నడుమ ఉండే కంత ఆకాశం వైపు ఉందా, రోడ్డు వెంట ముందుకు ఉందా, పక్కకు ఉందా అన్నదాన్ని బట్టి కట్టే తీరు మారుతుంది. పక్కకు ఉన్నదాన్ని ఇక్కడి డ్రైవర్లు సూయిసైడ్ కాయిల్ అంటారు, కట్టు తెగితే అది దొర్లేది క్యాబిన్ మీదికే కనుక. ముందుగా ట్రైలర్ నడిమధ్య చోటు కొలిచి, దూలాలను కదలకుండా పట్టి ఉంచే కాయిల్ ర్యాకుల్లో అమర్చి, కింద రబ్బరు పరిచి, క్రేను దాన్ని దించేటప్పుడు దూరంగా నిలబడాలి. తర్వాత గొలుసులు. సగం బరువు 21,000, 3/8 అంగుళాల గ్రేడ్ 70 (ఉక్కు బలాన్ని చెప్పే తరగతి) గొలుసు సామర్థ్యం 6,600, మూడైతే 19,800, చాలవు, నాలుగు కావాలి. గొలుసు ఒక పక్క నుంచి కాయిల్ కంతలోంచి దూరి అవతలి పక్కకు వెళితే పూర్తి సామర్థ్యం లెక్కకు వస్తుంది, వెళ్లిన పక్కకే తిరిగి వస్తే సగమే లెక్కకు వస్తుంది. ఈ తేడా తెలియక నాలుగు వేశాననుకుని నిజానికి రెండింటి బలంతో బయలుదేరేవారు ఉంటారట. మా శిక్షకుడు చివర ఒక మాట అన్నాడు: చట్టం అడిగేది నాలుగు, నేను అడిగేది ఆరు. నేను ఈ రోజుకీ ఆరే వేస్తున్నాను.

టార్ప్, అంటే సరుకు మీద కప్పే బరకం, పనికి మాత్రం రెండు రోజులే ఇచ్చారు, అది చాలదు. కలప మీద కప్పే టార్ప్ ఒక్కోటి దాదాపు 100 పౌండ్లు ఉంటుంది. దాన్ని బల్ల మీదికి, అక్కడి నుంచి సరుకు మీదికి చేర్చి, అంచున నిలబడి పరచాలి. ఈ పనిలో డ్రైవర్లు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, పైనుంచి పడిపోయి. రబ్బరు బంగీ లాగేటప్పుడు కొక్కెం జారి కంటికి తగిలే ప్రమాదం కూడా ఉంది, అందుకని కళ్లద్దాలు తీయకూడదు. యార్డులో షెడ్డు కింద, గాలి లేని చోట నేర్చుకున్నాం. డిసెంబరులో ఇండియానాలో మంచు గాలిలో అదే టార్ప్ విప్పితే, తడిసి బిగుసుకుపోయి రేకులా నిలబడింది. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోకుండా అంచు ఎత్తితే మనిషిని కూడా లేపుతుందని అప్పుడే తెలిసింది. గాలికి ఎదురు అంచును ముందు బిగించి తర్వాతే మిగతాది విప్పాలన్న ఒక్క పాఠం యార్డులో చెప్పి ఉంటే బాగుండేది. సంస్థకు నేను రాసిచ్చిన సూచనల్లో మొదటిది ఇదే.

ట్రైనర్‌తో గడిచిన ఐదు వారాల మీద నా అభిప్రాయం రెండుగా చీలిపోయింది. మొదటి మూడు వారాలు ఆయన పక్క సీటులో కూర్చుని, ప్రతి లోడూ నా చేతే కట్టించి, తర్వాత ఒక్కో గొలుసునూ చేత్తో కదిపి చూసి, వదులుగా ఉన్నచోట తాను బిగించకుండా నన్నే పిలిచేవారు. వెనక ఇరుసులు రెండూ ఒకదానికొకటి దూరంగా ఉండే ట్రైలర్‌ను ఇరుకు మలుపులో తిప్పితే టైర్లు ఎలా రాసుకుపోతాయో, ఇండియానాలోని గేరీ ప్రాంతపు ఉక్కు మిల్లుల్లోకి వెళ్లేముందు హెల్మెట్, పాదం పైభాగం కప్పే కవచాలు, పొడుగు చేతుల చొక్కా లేకపోతే గేటు దగ్గరే ఎలా తిప్పి పంపుతారో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నాలుగో వారం నుంచి డిస్పాచర్ (లోడ్లు కేటాయించే ఉద్యోగి) మాకు దూరపు లోడ్లు వేయడం మొదలుపెట్టాడు. నేను నడుపుతుంటే ఆయన వెనక పడక మీద నిద్ర, ఆయన నడుపుతుంటే నేను నిద్ర. ఒక డ్రైవరు 14 గంటల వ్యవధిలో 11 గంటలకు మించి నడపకూడదు. ఇద్దరు ఉంటే బండి ఆగకుండా సాగిపోతుంది. సంస్థకు అది లాభం. పక్కన కూర్చుని నేర్పేవారు లేని రాత్రి ప్రయాణాన్ని శిక్షణ అని లెక్క కట్టడం మాత్రం సరికాదు. శిక్షణ విభాగానికి ఫోన్ చేసి చెప్పాను. వాళ్లు వాదించకుండా ఐదో వారం దగ్గరి లోడ్లే వేయించారు. చెప్పకపోతే ఆ వారం కూడా అలాగే పోయేది.

శిక్షణ ఫలితం ఏమిటో ఒంటరిగా బయలుదేరిన రెండో వారంలో కళ్లారా చూశాను. కట్టిన తర్వాత మొదటి 50 మైళ్లలోపు ఆగి చూసుకోవాలి, ఆపైన ప్రతి 150 మైళ్లకో మూడు గంటలకో, ఏది ముందైతే దానికి, మళ్లీ చూసుకోవాలి అని నియమం. ఆ రోజు ఉక్కు పలకల కట్ట. నలభై మైళ్లకు ఒక ట్రక్ స్టాప్‌లో ఆగి, చేతి తొడుగు తీసి, ఒక్కో స్ట్రాపు కింద వేలితో తడుముకుంటూ వెళ్లాను. మూడో స్ట్రాపు దగ్గర అంచుకు పెట్టిన రక్షణ ముక్క రెండు అంగుళాలు పక్కకు జరిగి, స్ట్రాపు పలక మూల మీద ఆనుతోంది. చూడ్డానికి బిగువుగానే ఉంది. కింద వేలు పెడితే నారలు తెగి గరుగ్గా తగిలాయి. దాన్ని విప్పి కొత్తది వేసి, ఆ మూల మీద మందపాటి ముక్క పెట్టి, పక్కనే ఐదోది కూడా వేశాను. చూపుతో వదిలేయకుండా చేత్తో తడమాలని యార్డులో ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆ అలవాటు ఇచ్చినందుకు ఆ సంస్థ మీద నాకున్న మిగతా కోపాల్లో చాలావరకు తగ్గాయి.

తగ్గనివి మూడు ఉన్నాయి. మొదటిది ఒప్పందం. ఏడాది లోపు మానేస్తే శిక్షణ ఖర్చును మిగిలిన నెలల లెక్కన తిరిగి కట్టాలని అందులో ఉంది. ఫోన్‌లో రిక్రూటర్ అది మామూలు లాంఛనమే అన్నాడు. ఓరియంటేషన్ రెండో రోజు సాయంత్రం, అందరూ అలసి ఉన్నప్పుడు, పదిహేను కాగితాల మధ్య పెట్టి సంతకం చేయించుకున్నారు. షరతు అన్యాయమని నేను అనను, అంత శిక్షణ ఊరికే రాదు. దాన్ని ఇంటి నుంచి బయలుదేరకముందే పంపి ఉండాలి. రెండోది ఇంటికి పంపడం. వారాంతాలన్నీ ఇంటి దగ్గరే అన్నారు. ఆచరణలో శనివారం రాత్రికి చేరి సోమవారం తెల్లవారకముందే బయలుదేరిన వారాలే ఎక్కువ, అసలు రాలేకపోయిన వారాలు కూడా ఉన్నాయి. మా పాప పుట్టినరోజు అలా ఒక ట్రక్ స్టాప్‌లో గడిచింది. మూడోది సామాను. నాకు ఇచ్చిన టార్ప్‌లలో ఒకటి చిరుగులతో ఉంది, గొలుసులు జాబితాలో రాసినదానికంటే రెండు తక్కువ వచ్చాయి. సంతకం పెట్టేముందు లెక్కపెట్టుకున్నాను కనుక తర్వాత జీతంలో కోత పడకుండా బయటపడ్డాను. నా బ్యాచ్‌లో ఇద్దరు లెక్కపెట్టుకోలేదు, వారికి కోత పడింది.

డబ్బు గురించి క్లుప్తంగా. శిక్షణలో వారానికి ఇంత అని స్థిరంగా ఇచ్చారు, ఆలస్యం లేకుండా ఇచ్చారు. తర్వాత మైలుకు ఇంత, టార్ప్ కప్పిన లోడుకు అదనంగా కొంత. చలికాలంలో నిర్మాణపు పని మందగిస్తుంది కనుక ఫ్లాట్‌బెడ్ లోడ్లు తగ్గుతాయి. నేను డిసెంబరులో ఒంటరిగా మొదలుపెట్టడంతో మొదటి రెండు నెలలు మైళ్లు సరిగా దొరకలేదు. మార్చి నుంచి కుదుటపడింది. కొన్ని సంస్థలు మైళ్లకు బదులు లోడు ఆదాయంలో వాటా ఇస్తాయి. దారులు, ధరలు తెలియని కొత్తవారికి మొదటి ఏడాది మైలు లెక్కే తేలిగ్గా అర్థమవుతుందని నాకు అనిపించింది.

మీరు ఫోన్‌లో రిక్రూటర్‌తో మాట్లాడేటప్పుడు ఇవి అడిగి, జవాబులు ఈమెయిల్‌లో రాసి పంపమనండి: యార్డులో ఎన్ని రోజులు, కాయిల్ మీద చేత్తో పని ఉంటుందా, ఒక శిక్షకుడి దగ్గర ఎంతమంది, ట్రైనర్‌తో ఉన్న వారాల్లో ఇద్దరు డ్రైవర్ల బండిలా నడిపిస్తారా, లోడు దగ్గర గంటల తరబడి ఆపితే దానికి డబ్బు ఉందా, ఒప్పందం కాపీ ముందే పంపుతారా. రాసి పంపడానికి వెనకాడితే ఆ వెనకాడటమే మీకు జవాబు. మోకాళ్లు, భుజాలు బాగాలేనివారు డబ్బా ట్రైలర్ వైపు వెళ్లడం మేలు. ఇది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. రోజుకు పదిసార్లు బల్ల ఎక్కి దిగడం నలభై దాటిన నాకు ఇప్పటికీ భారంగానే ఉంటుంది.

ఈ సంస్థకు నా తూకం ఇది: యార్డు శిక్షణకు ఐదులో ఐదు, టార్ప్ పాఠానికి రెండు, ట్రైనర్ వారాలకు మూడున్నర, చేర్చుకునేటప్పుడు చెప్పిన మాటలకు రెండు. మళ్లీ కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే ఒప్పందం ముందే తెప్పించుకుని చదివి, ఇక్కడే చేరతాను. చేరాలనుకునేవారు జనవరి చివర్లో ఓరియంటేషన్‌కు వెళ్లగలిగితే మార్చి నెలాఖరుకు, పని పుంజుకునే వేళకు, ఒంటరిగా రోడ్డు మీద ఉంటారు. చీలమండ దాటి పైకి కట్టే ఉక్కు మొనల బూట్లు ముందే కొని ఇంట్లోనే వారం పాటు తొడిగి అలవాటు చేసుకోండి. చేతి తొడుగులు మూడు జతలు పెట్టుకోండి, ఒకటి తడిస్తే ఆరేదాకా ఇంకొకటి ఉండాలి. మూడోది, అరచేతి వైపు పలుచగా ఉన్నది, స్ట్రాపు కింద వేలితో తడమడానికి.